అది కారణం సార్, నేను అడిగింది అర్థం

(కాకినాడలో డిగ్రీ, మెడికల్ విద్యార్థుల సభలో ఒక విశ్రాంత జువాలజీ అధ్యాపకుడు చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్ళకి వినబడుతోందా? ముందు కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి, కొంచెం ఇటు రండి.

పరిణామం గుడ్డిదైతే, అంటే మనల్ని ఎవరూ ఒక ఉద్దేశం పెట్టుకుని తయారు చేయకపోతే, బతుక్కి అర్థం ఉంటుందా? ఇదీ నాకిచ్చిన టాపిక్. ముప్ఫై ఏళ్ళ పైన జువాలజీ చెప్పినవాణ్ణి కాబట్టి నన్ను పిలిచారు. కానీ ఈ ప్రశ్న నాకు పాఠాల్లో ఎదురుపడలేదు. సుమారు ఇరవై ఏళ్ళ కిందట ఒక కుర్రాడు అడిగాడు. ఆ రోజు నేను చెప్పిన జవాబులో తప్పు ఒక్కటీ లేదు. అతనికి మాత్రం అది పనికిరాలేదు. అప్పట్నుంచీ ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. ఇవాళ మీ ముందు ఆ కుర్రాడికే జవాబు చెప్పుకుంటున్నానని అనుకోండి.

అతను ఏజెన్సీ నుంచి వచ్చి హాస్టల్లో ఉండి బీఎస్సీ చదివేవాడు. వాళ్ళది పాడేరు అవతల కొండల్లో చిన్న ఊరు. ఆ రోజు క్లాసులో సికిల్ సెల్ జబ్బు గురించి చెబుతున్నాను. పరిణామం పాఠం చెప్పేవాళ్ళందరికీ అదంటే ఇష్టం, ఎందుకంటే లెక్క అంత శుభ్రంగా కుదురుతుంది. మన కణంలో ఉన్న డీఎన్‌ఏని ఒక పుస్తకం అనుకుంటే అందులో దాదాపు 300 కోట్ల అక్షరాలు. వాటిలో ఒక్కటంటే ఒక్క అక్షరం మారుతుంది. ఆ ఒక్కదాని వల్ల హిమోగ్లోబిన్‌లో ఒక చిన్న ముక్క మారుతుంది. ఆక్సిజన్ తగ్గినప్పుడు గుండ్రంగా ఉండాల్సిన ఎర్ర రక్తకణం కొడవలిలా వంకర తిరిగి గట్టిపడుతుంది. మామూలు కణం 120 రోజులు బతికితే ఇది పది, ఇరవై రోజులకే విరిగిపోతుంది. విరిగేలోపు సన్నటి రక్తనాళాల్లో ఇరుక్కుని దారి మూసేస్తుంది. రక్తం అందని చోట నొప్పి పుడుతుంది. ఎముకల్లో, నడుములో, ఛాతీలో. ఆ నొప్పి ఎలా ఉంటుందో మెడికల్ పిల్లలు వార్డుల్లో చూసే ఉంటారు, లేదా చూస్తారు.

మరి అంత చెడ్డ అక్షరం ఇన్ని వేల ఏళ్ళలో ఎందుకు తుడిచిపెట్టుకుపోలేదు? ఎందుకంటే తల్లి నుంచో తండ్రి నుంచో ఒక్కరి దగ్గర్నుంచే అది వస్తే జబ్బు రాదు, పైగా మలేరియా ముదిరి చచ్చిపోయే ప్రమాదం బాగా తగ్గుతుంది. ఇద్దరి దగ్గర్నుంచీ వస్తేనే జబ్బు. బోర్డు మీద నాలుగు గళ్ళు గీశాను. అమ్మానాన్నలిద్దరికీ ఒక్కో కాపీ ఉంటే, పుట్టే ప్రతి బిడ్డకీ నాలుగింట ఒక వంతు అవకాశం ఏమీ లేకుండా పుట్టడానికి, రెండు వంతులు మలేరియా నుంచి రక్షణతో పుట్టడానికి, ఒక వంతు జబ్బుతో పుట్టడానికి. మలేరియా ఉన్న ప్రాంతంలో ఆ రెండు గళ్ళకి వచ్చే లాభం ఈ ఒక్క గడి నష్టాన్ని పూడ్చేస్తుంది. అందుకే ఆ అక్షరం ఆఫ్రికాలో నిలిచింది, మన అడవి ప్రాంతాల్లోనూ నిలిచింది. చాక్‌పీస్ కింద పెట్టి, చూశారా ఎంత చక్కటి ఉదాహరణో అన్నాను.

బెల్లు కొట్టాక అందరూ వెళ్ళారు, ఆ కుర్రాడు ఉండిపోయాడు. "సార్, ఆ నాలుగో గడిలో ఉన్నది మా తమ్ముడు" అన్నాడు.

తమ్ముడికి పదకొండేళ్ళట. నొప్పి వచ్చిన రాత్రి ఇంట్లో ఎవరూ పడుకోరట. అమ్మ ఇటుక వేడిచేసి గుడ్డలో చుట్టి కాళ్ళకి కాపడం పెడుతుంది. అన్న వీపు మీద ఎక్కించుకుని వాకిట్లో తిప్పుతాడు. కదలిక ఆగితే పిల్లాడు అరుస్తాడు. ఊళ్ళో వాళ్ళు, చుట్టాలు, అమ్మ ఏదో పాపం చేసుకుని ఉంటుందని అంటారు. "వాడికెందుకు సార్ ఇలా?" అని అడిగాడు. నేను ఏం చేశాను? పాఠం మళ్ళీ చెప్పాను. ఈసారి ఇంకా నెమ్మదిగా, ఇంకా వివరంగా. మలేరియా, రక్షణ, నాలుగు గళ్ళు. మొత్తం విని, "అది కారణం సార్. నేను అడిగింది అర్థం" అన్నాడు. అని పుస్తకాలు తీసుకుని వెళ్ళిపోయాడు.

మనం రోజుకి వందసార్లు అనే మాటే అర్థం. పదానికి అర్థం అంటాం, పాఠం అర్థమైందా అంటాం, అర్థం అంటే డబ్బు కూడా. ఎవరైనా మాట తప్పితే "దీనికి అర్థమేంటి?" అని నిలదీస్తాం. అప్పుడు మనం అడిగేది కారణం కాదు, నా ముఖం చూసి జవాబు చెప్పమని. ఆ కుర్రాడు అడిగింది ఆ అర్థమే. ఎవరో ఒకరు ముందుకొచ్చి, నీ తమ్ముణ్ణి ఇందుకోసం ఇలా పుట్టించాను అని చెప్పాలని. పరిణామం దగ్గర ఆ జవాబు లేదు. ఎందుకు లేదో ముందు సూటిగా చెప్పుకుందాం, ఓదార్పు సంగతి తర్వాత.

గుడ్డి అనగానే చాలామంది గాలివాటం అనుకుంటారు, అంతా యాదృచ్ఛికం అనుకుంటారు. అలా కాదు. జల్లెడ చూశారు కదా. దానికి కళ్ళు లేవు, తెలివి లేదు, రొట్టె చేయాలన్న కోరిక లేదు. అయినా పిండిని కిందికి వదిలి తవుడిని పైన ఆపుతుంది. డీఎన్‌ఏలో మార్పు రావడం యాదృచ్ఛికమే. ఏ మార్పు మిగులుతుందన్నది జల్లెడ పని. అమెరికాలో రిచర్డ్ లెన్స్కీ అనే శాస్త్రవేత్త 1988 ఫిబ్రవరిలో ఒకే బ్యాక్టీరియాని పన్నెండు ఫ్లాస్కుల్లో వేసి పెంచడం మొదలుపెట్టాడు. 31,000 తరాల పైన గడిచాక పన్నెండింటిలో ఒక్క ఫ్లాస్కులో మాత్రం అవి, గాలి ఉన్నచోట తమ జాతి మామూలుగా తినలేని సిట్రేట్ అనే పదార్థాన్ని తినడం మొదలుపెట్టాయి. మిగతా పదకొండిటికీ అదే తిండి, అదే వేడి, అదే కాలం. అయినా రాలేదు. ఎవరైనా దారి చూపిస్తూ ఉంటే పన్నెండూ అటే నడిచేవి.

మన కథ కూడా ఆ ఒక్క ఫ్లాస్కు లాంటిదే. మీలో రాజమండ్రి వైపు నుంచి వచ్చినవాళ్ళు గోదావరి అవతల గౌరీపట్నం, పంగిడి క్వారీలు చూసే ఉంటారు. అక్కడ నల్లరాయి తీసి కంకర కొడతారు. ఆ రాయి సుమారు 6.6 కోట్ల ఏళ్ళ కిందట దక్కన్ పీఠభూమిలో ఉబికిన లావా. పడమటి కొండల వైపు నుంచి వెయ్యి కిలోమీటర్లు పారి ఇక్కడిదాకా వచ్చింది. సరిగ్గా ఆ కాలంలోనే మెక్సికో దగ్గర ఒక గ్రహశకలం కూడా పడింది. పెద్ద డైనోసార్లు పోయాయి. వాటి కాళ్ళ సందున ఎలుకంత, పిల్లి అంత ఒళ్ళేసుకుని తిరిగిన క్షీరదాలు మిగిలాయి. ఆ గ్రహశకలం పడకుంటే ఈ హాలు లేదు, నేను లేను, మీరు లేరు. మనం రావాలని అది పడలేదు. ఈ మాట నాకు ఇప్పటికీ మింగుడుపడదు, అయినా నిజం.

మరి ఆ ఒక్క అక్షరం? అది మారినప్పుడు ఆ పిల్లాణ్ణి చూడలేదు. వాళ్ళ అమ్మని చూడలేదు. కాబట్టి సూటిగా చెబుతున్నాను. ఆ పిల్లాడి నొప్పికి అర్థం లేదు. పాఠం నేర్పడానికి రాలేదు, పరీక్ష పెట్టడానికి రాలేదు, శిక్షగా రాలేదు.

ఇది విని మీలో కొందరికి మనసు చివుక్కుమని ఉంటుంది. నాకూ అలాగే ఉండేది. కానీ ఆ వాకిట్లో నిలబడి వినండి. ఆ తల్లికి పదకొండేళ్ళుగా ఊరంతా ఒక అర్థం చెబుతూనే ఉంది. నీ పాపం, నీ కర్మ, పోయిన జన్మలో ఎవరి ఉసురు పోసుకున్నావో అని. అర్థాలకి అక్కడ కరువు లేదు. ఆమె చేతిలో వేడి ఇటుకతో పాటు ఆ అర్థాన్ని కూడా మోస్తోంది. ఆమెకి ఎవరైనా వెళ్ళి, అమ్మా, ఇది ఎవరూ కావాలని చేసింది కాదు, నీ తప్పు లేదు, నీ భర్త తప్పు లేదు, ఇద్దరికీ తెలియకుండా మీ ముత్తాతల దగ్గర్నుంచి వచ్చిన ఒక అక్షరం, అదే అక్షరం మీ ఊళ్ళో ఎంతమందినో మలేరియా నుంచి కాపాడింది అని చెబితే? ఆ గుడ్డితనమే ఆమెకి పెద్ద ఊరట. చూడని వాడు శిక్ష వేయలేడు కదా. దేవుణ్ణి నమ్మేవాళ్ళు మీలో చాలామంది ఉంటారు, మా ఇంట్లోనూ ఉన్నారు. నమ్మకం వదులుకోమని నేను అనడం లేదు. జబ్బుపడ్డ బిడ్డ తల్లి మీద తీర్పు చెప్పడానికి మాత్రం ఆ నమ్మకాన్ని వాడొద్దని ప్రాధేయపడుతున్నాను.

ఈ బాధ డార్విన్‌కీ తెలుసు. ఆయన పెళ్ళి చేసుకున్నది ఎవర్నో తెలుసా? ఎమ్మా వెడ్జ్‌వుడ్‌ని, స్వయానా మేనమామ కూతుర్ని. మనం మేనరికం అంటామే, అచ్చం అదే. పదిమంది పిల్లల్లో ముగ్గురు చిన్నతనంలోనే పోయారు. పదేళ్ళ ఆనీ 1851లో పోయింది. దగ్గరి సంబంధం చేసుకోవడం వల్లే పిల్లలు బలహీనంగా పుట్టారేమోనని ఆయన జీవితమంతా కుమిలాడు. 1858 జూలై 1న లండన్‌లో లిన్నేయన్ సొసైటీలో ప్రకృతి వరణం సిద్ధాంతాన్ని, ఆయనదీ, విడిగా అదే ఆలోచనకి వచ్చిన వాలెస్‌దీ కలిపి, మొదటిసారి చదివారు. డార్విన్ ఆ సభకి వెళ్ళలేదు. అంతకి మూడు రోజుల ముందే రెండేళ్ళు కూడా నిండని కొడుకు స్కార్లెట్ జ్వరంతో పోయాడు. మనిషి చరిత్రని మలుపు తిప్పిన ఆ కాగితాలు అక్కడ చదువుతున్నప్పుడు వాటిని రాసినాయన బిడ్డని పోగొట్టుకుని ఇంట్లో ఉన్నాడు. నేను పాఠాల్లో ఈ సంగతి చెప్పేవాణ్ణి కాదు, సిలబస్‌లో లేదు కాబట్టి. చెప్పి ఉండాల్సింది.

ఇప్పుడు అసలు చిక్కుకి వద్దాం. నొప్పికి అర్థం లేదన్నాను. మరి అన్న వీపు మీద తమ్ముణ్ణి మోయడానికి? ఇక్కడ తెలివైన విద్యార్థి ఒకరు లేచి అంటారు, "సార్, అది కూడా జీన్స్, అంటే జన్యువులు ఆడించే ఆటే కదా. తమ్ముడిలో తన జీన్స్ సగం ఉన్నాయి, అందుకే మోస్తున్నాడు" అని. ఇది తేలిగ్గా తీసిపారేయాల్సిన మాట కాదు. దీనికి జవాబు చెప్పాలంటే ఈ ఊళ్ళోనే ఉన్న ఒక పెద్దమనిషిని పిలవాలి.

జె.బి.ఎస్. హాల్డేన్. 1892లో ఆక్స్‌ఫర్డ్‌లో పుట్టాడు. డార్విన్ మాటల్లో చెప్పినదాన్ని గణితంలోకి తెచ్చిన ముగ్గురిలో ఒకడు. మిగతా ఇద్దరు ఫిషర్, రైట్. తలసీమియా లాంటి రక్తపు జబ్బులు మలేరియా ప్రాంతాల్లో ఎక్కువ ఎందుకున్నాయో, మలేరియాయే వాటిని నిలబెడుతోందేమోనని 1949లో అన్నది ఈయనే. సికిల్ సెల్ విషయంలో ఆంథొనీ ఆలిసన్ అయిదేళ్ళ తర్వాత ఆఫ్రికాలో దాన్ని చూపించాడు. నేను బోర్డు మీద గీసిన గళ్ళ వెనక ఉన్న బుర్ర ఈయనది. 1957లో ఇండియా వచ్చేశాడు, 1961లో ఇక్కడి పౌరుడయ్యాడు. మన పిఠాపురం వాడు ద్రోణంరాజు కృష్ణారావు ఆయన శిష్యుడు. హాల్డేన్ 1964 డిసెంబర్ 1న భువనేశ్వర్‌లో క్యాన్సర్‌తో పోయాడు. పోయాక నా శరీరంతో నాకు పని ఉండదు, వేరేవాళ్ళకి ఉపయోగపడాలి అని రాసి, ఇక్కడి రంగరాయ మెడికల్ కాలేజీకి ఇచ్చేశాడు. ఆయన ఎముకలు ఈ ఊళ్ళో ఉన్నాయి. మెడికల్ పిల్లలకి ఈ సంగతి తెలిసే ఉంటుంది. మిగతావాళ్ళు ఇప్పుడు తెలుసుకోండి.

ఇద్దరు అన్నదమ్ముల కోసం గానీ ఎనిమిది మంది కజిన్స్ కోసం గానీ ప్రాణం ఇస్తాను అని ఆయన అన్నాడని చెప్పుకుంటారు. సొంత తమ్ముడిలో మన జీన్స్ సగం, కజిన్‌లో ఎనిమిదో వంతు. ఇద్దరు తమ్ముళ్ళు కలిస్తే ఒక నేను, ఎనిమిది మంది కజిన్స్ కలిస్తే ఒక నేను. ఇదీ లెక్క. మన విద్యార్థి చెప్పింది ఈ లెక్కే. లెక్క సరైనదే. ప్రేమ ఈ భూమ్మీదకి ఎలా వచ్చిందో అందులో చాలా భాగం అది చెబుతుంది.

అయితే 1955లో ఆయన రాసిన ఒక వ్యాసంలో ఇదే లెక్క వస్తుంది. వరదలో కొట్టుకుపోతున్న పిల్లవాడి కోసం దూకితే ఏ చుట్టరికానికి ఎంత లాభం అని వరసగా చెప్పుకొస్తాడు. చెప్పి ఏమంటాడంటే, నేను రెండుసార్లు మునిగిపోతున్నారనుకున్న మనుషుల్ని నీళ్ళలోంచి లాగాను, ఆ రెండుసార్లూ ఈ లెక్కలు వేసుకునే టైం నాకు లేదు అని. లెక్క చెప్పినవాడే అంటున్నాడు, గట్టు మీద నిలబడ్డప్పుడు లెక్క లేదు, మునిగే మనిషి ఉన్నాడు అంతే అని. మన గోదావరి రేవుల్లో పుష్కరాల్లోనో, కార్తీక స్నానాల్లోనో ఎవరో జారితే ఇంకెవరో దూకుతారు. దూకేవాడు ఆ మనిషి తన కులమా, తన ఊరా అని కూడా అడగడు. ఆ క్షణంలో అడగడం ఎవరికీ రాదు.

ఇంకొకటి. 1939 జూన్‌లో థెటిస్ అనే బ్రిటిష్ జలాంతర్గామి మునిగి 99 మంది పోయారు. అలాంటి చోట నుంచి మనుషులు ఎలా బయటపడగలరో తెలుసుకోవాలని హాల్డేన్ పీడనం పెంచే ఇనుప గదుల్లో తనే కూర్చుని ప్రయోగాలు చేసుకున్నాడు. ఆక్సిజన్ విషమై ఫిట్స్ వచ్చి ఆయన వెన్నుపూసలు దెబ్బతిన్నాయి. ఆ నొప్పి చివరిదాకా ఉంది. ఆ నావికుల్లో ఆయన తమ్ముడు లేడు, కజిన్స్ లేరు. అనాటమీ చదివే పిల్లలూ, ఆయన వెన్నెముక ముందు నిలబడ్డప్పుడు ఈ సంగతి గుర్తు చేసుకోండి. ఎనిమిది మంది కజిన్స్ లెక్క చెప్పిన మనిషి ఎముకల మీద ఆ లెక్కకి అందని పని గుర్తు ఉంది.

ఒక విషయం ఎక్కడ మొదలైందో అక్కడే ఆగిపోవాలని లేదు. ఈకలు చూడండి. అవి మొదట ఎగరలేని డైనోసార్ల ఒంటి మీద వచ్చాయి, చలికో, జతని ఆకర్షించడానికో. తర్వాత కొన్నిటికి అవే రెక్కలయ్యాయి. కాకి ఎగురుతుంటే, నీ ఈకలు చలి కోసం వచ్చినవి కాబట్టి నువ్వు ఎగరడం అబద్ధం అంటామా? లెక్కపెట్టడం మన పూర్వీకులకి ఎన్ని పళ్ళు, ఎన్ని పులులు అని చూసుకోవడానికి వచ్చి ఉంటుంది. ఇవాళ అదే తెలివితో శ్రీహరికోట నుంచి రాకెట్ పంపుతున్నాం. తల్లి బిడ్డని పట్టుకోవడంలో మొదలైన ప్రేమ కూడా అలాగే, ముందు తమ్ముడిదాకా, తర్వాత పక్కింటి పిల్లాడిదాకా, తర్వాత ముక్కూముఖం తెలియని నావికుడిదాకా వెళ్ళింది. జీన్స్ చేతుల్ని తయారుచేశాయి నిజమే. ఆ చేతులు ఎవర్ని ఎత్తుకుంటాయో అవి నిర్ణయించవు.

మన పాతవాళ్ళకి కూడా ఈ గుడ్డితనం కొత్తేమీ కాదు. ముల్లుకి పదును ఎవరు పెట్టారు, నెమలికి రంగు ఎవరు వేశారు, అది వాటి స్వభావం, అంతే అన్న స్వభావవాదులు ఈ దేశంలో ఎప్పుడో ఉన్నారు. దాన్ని మించి నాకు నచ్చేది పురుషార్థం అన్న మాట. ధర్మార్థకామమోక్షాలని చిన్నప్పుడు అప్పజెప్పించేవారు. పురుషుడికి, అంటే మనిషికి అర్థం. సృష్టికి అర్థం ఏమిటని కాకుండా మనిషి దేనికోసం బతుకుతాడు అని వాళ్ళు అడిగారు. ఆ సరైన ప్రశ్న మన భాషలోనే ఉంది, నేను ఇంగ్లీషు పుస్తకాల్లో వెతుక్కుంటూ చాలా ఏళ్ళు పోగొట్టుకున్నాను.

రాయికి నొప్పి లేదు. రాయికి ఏదీ కావాలని లేదు. 400 కోట్ల ఏళ్ళకి కొంచెం ఇటుగా ఈ భూమ్మీద మొదటి కణం పుట్టినప్పుడు, మొదటిసారి ఒకదానికి ఇది మంచిది, అది చెడ్డది అన్న తేడా వచ్చింది. చక్కెర వైపు జరగాలి, విషం నుంచి తప్పుకోవాలి. అది ఆలోచన కాదు, కానీ అక్కడ్నుంచి లోకంలో కావలసినవి, అక్కర్లేనివి అని రెండు రకాలయ్యాయి. తర్వాత ఆకలి వచ్చింది, భయం వచ్చింది, బిడ్డ ఏడిస్తే పాలు చేపడం వచ్చింది. ఏ చూపూ లేని జల్లెడ చూసే కళ్ళని, ఏ పట్టింపూ లేని లోకం పట్టించుకునే మనసుల్ని మిగిల్చింది. నాకు ఇది తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. అర్థం అనేది ఉంటే అది ఆకాశంలో ముందే రాసిపెట్టి లేదు. ఒకరికి ఇంకొకరు కావలసినవారైన చోట పుట్టింది.

సూర్యుడు ఇంకో 500 కోట్ల ఏళ్ళకి ఆరిపోతాడు కదా, చివరికి ఏమీ మిగలదు కదా అని కొందరు అడుగుతారు. దీని మీద ఎక్కువసేపు ఆగను. 500 కోట్ల ఏళ్ళ తర్వాత ఎవరూ ఉండరని చెబితే ఇవాళ రాత్రి ఆ పిల్లాడి నొప్పి తగ్గుతుందా? తగ్గదు. అప్పుడు అన్న వీపు మీద వాడికి దొరికే ఊరట మాత్రం ఎందుకు తగ్గాలి?

కానీ ఒకటి ఒప్పుకోవాలి. ఇదంతా నేను ఆ కుర్రాడికి చెప్పలేదు. అప్పుడు నాకు తోచలేదు. తోచి చెప్పినా అది సరిపోయేదని ఇప్పుడు నేను అనుకోవడం లేదు. అతని తమ్ముడి పేరేమిటని నేను అడగలేదు. డాక్టర్‌కి చూపిస్తున్నారా అని అడగలేదు. నొప్పులు తగ్గించే హైడ్రాక్సీయూరియా మాత్ర అప్పటికే ఉంది, నాకు దాని పేరు తెలుసు, పాఠంలో చెప్పాను కూడా. అది ఆ ఊరికి అందుతోందా అని అడగలేదు. ఆ కుర్రాడు మూడో ఏడు కాలేజీకి రాలేదు. ఎందుకు రాలేదో నేను కనుక్కోలేదు. హాస్టల్ రిజిస్టర్‌లో ఊరి పేరు ఉండి ఉంటుంది, బస్సెక్కితే ఒక పూట ప్రయాణం. వెళ్ళలేదు. అర్థం గురించి అడిగినవాడికి జవాబు ఆ బస్సులో ఉందని నాకు తెలియడానికి చాలా కాలం పట్టింది.

2023 జూలైలో కేంద్ర ప్రభుత్వం సికిల్ సెల్ నిర్మూలనకి ఒక జాతీయ కార్యక్రమం మొదలుపెట్టింది, 2047 గడువుగా. అల్లూరి సీతారామరాజు జిల్లా ఊళ్ళలో రక్తపరీక్షలు చేస్తున్నారు, క్యారియర్లకి, అంటే ఒక్క కాపీ ఉన్నవాళ్ళకి కార్డులు ఇస్తున్నారు. ఇక్కడున్న మెడికల్ పిల్లల్లో కొందరు ఆ కొండల మీద పీహెచ్‌సీల్లో పనిచేస్తారు. మలేరియా రాని రోజు వస్తే ఆ అక్షరానికి అక్కడ పని ఉండదు. జల్లెడ కన్నాలు మార్చడం ఇప్పుడు మన చేతిలోకి వచ్చింది. 400 కోట్ల ఏళ్ళలో ఇంతవరకూ ఏ జీవికీ రాని అవకాశం ఇది.

చివరగా తాబేళ్ళ సంగతి చెప్పి కూర్చుంటాను. ఇప్పుడు సీజన్. ఆలివ్ రిడ్లీ తల్లులు రాత్రిపూట మన తీరానికి వస్తాయి. వెనక కాళ్ళతో గొయ్యి తీసి వందకి పైగా గుడ్లు పెట్టి, ఇసక కప్పి, వెనక్కి చూడకుండా సముద్రంలోకి పోతాయి. ఆ తల్లి తన పిల్లల్ని ఎప్పటికీ చూడదు. యాభై రోజులకి అటూ ఇటూగా పిల్లలు బయటికొస్తాయి. కుక్కలు, నక్కలు, కాకులు, పీతలు, సముద్రంలో చేపలు, ఆ తర్వాత ట్రాలర్ వలలు. వెయ్యింటిలో ఒకటి పెద్దదవుతుందని లెక్క. ఇంత వృథా చూసి ఇది దయగల పథకం అని నేను అనలేను, అన్నవాళ్ళతో వాదించనూ లేను.

అయినా ఆ చీకట్లో ఇసక మీద మనుషులు తిరుగుతుంటారు. అటవీ శాఖ వాళ్ళు, మత్స్యకారుల పిల్లలు, కొందరు స్వచ్ఛందంగా వచ్చినవాళ్ళు. గుడ్లని జాగ్రత్తగా ఏరి కంచె వేసిన చోట పాతిపెట్టి, పిల్లలు వచ్చాక అలల దాకా తోడుంటారు. తాబేలుకీ మనకీ ఉమ్మడి తాత 30 కోట్ల ఏళ్ళ కిందటివాడు. హాల్డేన్ లెక్కలో అది ఎన్నో వంతు చుట్టరికమో వేసి చూడండి, సున్నా తర్వాత సున్నాలు పెట్టుకుంటూ పోవాలి. కన్నతల్లి వదిలేసి వెళ్ళిన గుడ్ల దగ్గర వేరే జాతి ప్రాణి కాపలా కూర్చుంటోంది.

వచ్చే శనివారం రాత్రి పదిన్నరకి మేం కొంతమందిమి బీచ్‌కి వెళ్తున్నాం. వచ్చేవాళ్ళు బయట బల్ల దగ్గర పేరు రాసి వెళ్ళండి. ఇంట్లో చెప్పి రండి. ముదురు రంగు బట్టలు వేసుకోండి. ఫోన్ లైట్లు వేయకూడదు, తెల్లటి వెలుగు చూస్తే తల్లి గుడ్లు పెట్టకుండానే వెనక్కి తిరిగిపోతుంది, పిల్లలు దారి తప్పి రోడ్డు వైపు వచ్చేస్తాయి. టార్చికి ఎర్ర కాగితం చుట్టి తెచ్చుకోండి. చెప్పులు పట్టుకుని నడవాల్సి వస్తుంది, తడి ఇసక చల్లగా ఉంటుంది.